పసిపిల్లల పెద్ద పుట్టుమచ్చ ఆపరేషన్: ఓపీ చీటి నుంచి గాటు మానేదాకా ఎట్ల చేయాలె

"వీపు మీద అరచెయ్యంత నల్ల మచ్చ, దాని మీద వెంట్రుకలు, పాపకు మూడు నెలలు, ఎప్పుడు తీయించాలె, ఒక్కసారికే పోతదా?" జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఇదే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతున్నరు కాబట్టి అంతా ఒక్కచోట రాస్తున్న. నేను డాక్టర్‌ను కాదు, పిల్లల సర్జరీ వార్డులో స్టాఫ్ నర్సును. కోసుడు, కుట్టుడు డాక్టర్ల పని, దానికి ముందు వెనక తల్లిదండ్రులు చేయాల్సిన పనే ఇక్కడ ఉంది.

ముందే ఒక మాట చెప్తా, మిగతాదంతా దీని మీదనే నడుస్తది. మచ్చ కోసేస్తే అక్కడ గుంత పడ్తది, ఆ జాగను కప్పే చర్మం బయట ఎక్కడా దొరకది, బిడ్డ ఒంటి నుంచే రావాలె. అందుకే మచ్చ చుట్టూ ఉన్న మంచి చర్మమే మీ పెట్టుబడి. దాన్ని కాల్చుకోకుండ, గీరకుండ, పుండు చేయకుండ సర్జన్ చేతికి అప్పగిస్తే సగం పని అయినట్టే. ఇంకోటి, మచ్చ పోయినకాడ గాటు మిగుల్తది. ఆనవాలే లేకుండా పోతది అని ఎవరన్నా చెప్తే అక్కడ్నుంచి లేచి వచ్చేయండి.

ఏమేం కావాలె

- టైలర్ టేపు, ఒక నోట్‌బుక్, ఫొటోలు తీసే ఫోన్
- కాన్పు అయిన ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితం, టీకాల కార్డు
- బర్త్ సర్టిఫికెట్, తల్లిదండ్రుల ఆధార్, రేషన్ కార్డు, అన్నిటికీ రెండు రెండు జిరాక్సులు
- థర్మామీటర్ (చెయ్యి పెట్టి చూసుడు పనికిరాదు)
- ముందు తెరుచుకునే నూలు జుబ్బాలు, నెత్తి మీదుగా తొడిగేవి వద్దు
- ఇద్దరు పెద్దమనుషులు. ఒకరు బిడ్డ దగ్గర, ఒకరు కాగితాలు, మందుల కోసం తిరగడానికి. తల్లి ఒక్కతే వస్తే చాలా కష్టం
- పనికి సెలవు. ఒక ఆపరేషన్‌కు కాదు, నెలల తరబడి రానుపోను ఉంటది

1. అది ఏ మచ్చో తేల్చుకోండి

అన్ని మచ్చలకూ కత్తి అక్కర్లేదు. పిర్రల మీద, నడుము మీద నీలంగా కమిలినట్టు ఉండేది మన పిల్లల్లో చాలామందికి ఉంటది, కొన్నేళ్లల్ల దానంతట అదే పోతది, దాన్ని ముట్టుకోవద్దు. ఎర్రగా ఉబ్బి, పుట్టిన కొన్ని వారాలకు మొదలై గబగబా పెరిగేది రక్తనాళాల గడ్డ, హెమాంజియోమా అంటరు. దానికి ప్రొప్రనలాల్ అనే మందు ఉంది, 2008 నుంచి దీనికి వాడుతున్నరు, చాలామందికి ఆపరేషనే పడది. కానీ ఆ మందు బీపీని, షుగర్‌ను దించుతది కాబట్టి మెడికల్ షాపులో అడిగి మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. కంటి దగ్గర, మూతి దగ్గర ఉన్న గడ్డకైతే ఒక్క నెల కూడా ఆగొద్దు. మొఖం మీద ఎర్రటి ద్రాక్షరసం రంగు పరుచుకొని ఉంటే దానికి లేజర్.

పుట్టినప్పటి నుంచే నల్లగానో గోధుమ రంగుగానో, కొంచెం మందంగా, వెంట్రుకలతోని ఉంటే అది మెలనోసైటిక్ నీవస్. మిగతా గైడ్ అంతా దీని గురించే. వరంగల్ చుట్టుపక్కల వాళ్లు ముందు ఎంజీఎం సర్కారు దవాఖానల స్కిన్ ఓపీకి, పిల్లల ఓపీకి చూపించుకొని ఏ మచ్చో కాగితం మీద రాయించుకోండి. నోటిమాట వద్దు, ఆ కాగితమే తర్వాత అన్ని చోట్లా పనికొస్తది.

2. కొలిచి ఫొటో తీసి పెట్టండి

కిటికీ దగ్గర పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, మచ్చ పక్కన టేపు పెట్టి ఫొటో తీయండి. నెలకోసారి, అదే దూరం నుంచి. ఒక ఫొటో మొత్తం ఒళ్లు కనపడేట్టు, ఒకటి దగ్గర్నుంచి. ఒంటి మీద వేరే చిన్న నల్ల మచ్చలు ఉంటే అవి కూడా లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాయండి, డాక్టర్ తప్పకుండ అడుగుతరు.

చాలామంది ఇక్కడ భయపడ్తరు, "మచ్చ పెరుగుతుంది" అని. బిడ్డ పెరుగుతుంటే మచ్చ కూడా ఆ లెక్కనే పెరుగుతది, పక్క చర్మంలోకి పాకదు. పుట్టినప్పటి సైజు నుంచి పెద్దయ్యేసరికి నెత్తి మీద మచ్చ సుమారు 1.7 రెట్లు, వీపు, పొట్ట మీదిది 2.8 రెట్లు, కాలు మీదిది 3.3 రెట్లు అయితది. అంటే పుట్టినప్పుడు వీపు మీద 8 సెంటీమీటర్లు ఉన్నది పెద్దయినంక 22 దాటుతది. పెద్దయినంక 20 దాటే లెక్కలో ఉన్నవాటిని పెద్ద మచ్చ అంటరు, 40 దాటితే జెయింట్. దాదాపు 20,000 మంది పిల్లల్లో ఒకరికి ఇట్ల పెద్దది ఉంటది.

3. ఎంఆర్ఐ అవసరమా అని ఆరు నెలల లోపే అడగండి

ఈ స్టెప్ ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ, "మచ్చ చర్మం మీదుంటే తలకాయకు స్కాన్ ఎందుకు" అని. మచ్చకు రంగునిచ్చే కణాలే కొందరు పిల్లల్లో మెదడు, వెన్నుపాము మీద కూడా ఉంటయి. మచ్చ బాగా పెద్దదైతే, లేకపోతే పక్కన చిన్న మచ్చలు చాలా ఉంటే మెదడు, వెన్ను ఎంఆర్ఐ తీయిస్తరు. ఆరు నెలల లోపు అయితే మంచిగ కనపడ్తది, తర్వాత మెదడు ఎదిగేకొద్దీ ఆ మచ్చలను పట్టుకోవడం కష్టం. మరీ పసిపిల్లలకైతే మత్తు లేకుండానే, పాలు తాపించి నిద్రపోయినప్పుడు తీసే వీలుంటది, అడిగి చూడండి.

ఫిట్స్, ఆగకుండా వాంతులు, తల చుట్టుకొలత గబగబా పెరుగుడు, బిడ్డ మందంగా పడి ఉండుడు, ఇవి కనపడితే ఆపరేషన్ మాట పక్కన పెట్టి అదే రోజు పెద్దాసుపత్రికి పోండి.

4. తీయించాల్నా వద్దా, దేని కోసం తీయిస్తున్నరు

"క్యాన్సర్ అయితదని తీయిస్తున్నం" అని చాలామంది అంటరు. నిజమే, పెద్ద మచ్చల్లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలు వాళ్ల కంటే ఎక్కువ, కానీ ఎక్కువమంది పిల్లలకు అది రాదు. పైగా మచ్చ కోసేసినంత మాత్రాన ఆ భయం సున్నా కాదు, కణాలు లోతుగా ఉండొచ్చు, మెదడు మీద కూడా ఉండొచ్చు. ఈ రోజుల్లో ఆపరేషన్ ఎక్కువ శాతం చూడడానికి మంచిగ ఉండాలని, దురద, పుండ్లు పడుతున్నందుకు, మచ్చలో గడ్డలు లేచి కనిపెట్టుకోవడం కష్టమైనందుకు చేస్తున్నరు. ఇది తప్పేం కాదు, మొఖం మీద మచ్చతో బిడ్డ బడికి పోవాలంటే ఎట్లుంటదో మనకు తెలుసు. కానీ కారణం ఏందో మీకు మీరు స్పష్టంగా అనుకోండి, లేకపోతే ఆపరేషన్ అయినంక గాటు చూసి "ఇంత చేసి ఇదా" అని ఏడుస్తరు.

వేరే దారులు కూడా ఉన్నయి. తీయకుండా ఏడాదికోసారి చూపించుకుంటూ ఉండొచ్చు, వీపంతా, ఒళ్లంతా ఉన్న మచ్చకు చాలాసార్లు ఇదే మంచి దారి. పుట్టిన మొదటి వారాల్లో పై పొరను గీకి తీసే పద్ధతి ఉంది, ఆ టైమ్ దాటితే అది కుదరదు, చేసినా కొంత రంగు తిరిగి వస్తది. లేజర్‌తోని రంగు పలచబడ్తది గాని కింద కణాలు ఉండనే ఉంటయి, మళ్లీ నల్లబడొచ్చు. నా మట్టుకు నేను "రెండు సిట్టింగుల్లో మాయం" అనే బోర్డు ఉన్నకాడికి పెద్ద మచ్చ ఉన్న పసిబిడ్డను తీసుకపోను. మచ్చ మీది వెంట్రుకలను కత్తిరించొచ్చు, జాగ్రత్తగా షేవ్ చేయొచ్చు, దానితోని క్యాన్సర్ వస్తదనేది ఉత్త మాట.

5. ఎక్కడ, ఎవరు చేస్తరు

కావాల్సింది ప్లాస్టిక్ సర్జన్, చిన్నపిల్లలకు మత్తు ఇచ్చే అలవాటున్న డాక్టర్, ఐసీయూ ఉన్న ఆసుపత్రి. మూడూ ఒక్కచోట ఉండాలె. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నయి, నిలోఫర్ పిల్లల ఆసుపత్రి. కాజీపేట నుంచి పొద్దున రైలు ఎక్కితే ఓపీ టైమ్‌కు అందుకుంటరు.

రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. కానీ పరిమితి వేరు, మీ బిడ్డకు రాసిన ఆపరేషన్ లిస్టులో ఉందా లేదా అనేది వేరు. అడ్మిట్ కాకముందే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర (ఈ స్కీమ్ పని చూసే మనిషి) దగ్గర కూర్చొని అడగండి, ఒక్క దఫాకా, అన్ని దఫాలకా అనేది కూడా. దురద, పుండ్లు, గడ్డలు ఉంటే ఆ సంగతి డాక్టర్ చీటిలో రాయించుకోండి, ఉత్తగా "మచ్చ" అని రాస్తే అందం కోసం అనుకునే ప్రమాదం ఉంది. ఊర్లో అంగన్‌వాడీకి వచ్చే పిల్లల ఆరోగ్య టీమ్‌కు చూపించినా జిల్లా ఆసుపత్రికి రెఫర్ చేస్తరు.

సర్జన్‌ను ఇవి అడగండి, సిగ్గుపడొద్దు: ఎన్ని దఫాలు పడ్తది, మొత్తం పోతదా కొంత ఉంచుతరా, గాటు ఎక్కడెక్కడ వస్తది, ఇట్లాంటి పిల్లల ముందు వెనక ఫొటోలు ఉన్నయా.

6. ఏ పద్ధతి అంటున్నరో అర్థం చేసుకోండి

దఫాలుగా కోసుడు: మచ్చ నడిమిట్ల నుంచి కొంత కోసి అంచులు దగ్గరికి కుడ్తరు, చర్మం సాగినంక 3 నుంచి 6 నెలలకు మళ్లీ కొంత. మధ్యరకం మచ్చలకు ఇది మంచిది, ఉన్నవాట్లో సింపుల్.

ఎక్స్‌పాండర్: పక్కనున్న మంచి చర్మం కింద సిలికాన్ సంచి పెడ్తరు, ఒకటి రెండు వారాలు ఆగి, వారం వారం సూదితో సెలైన్ నింపుతరు. కడుపుతోని ఉన్నప్పుడు పొట్ట చర్మం సాగినట్టు పైన చర్మం సాగుతది. రెండు మూడు నెలలకు సంచి తీసేసి, మచ్చ కోసి, సాగిన చర్మాన్ని అక్కడికి జరుపుతరు. నెత్తికి ఇదే బెస్ట్, ఎందుకంటే జుట్టు ఉన్న చర్మమే వస్తది. మోచేతి కింద, మోకాలి కింద మాత్రం సంచితోని ఇబ్బందులు ఎక్కువ.

గ్రాఫ్ట్: తొడ నుంచో ఇంకెక్కడి నుంచో చర్మం పొర తీసి అతికిస్తరు. తొందరగా అయితది గాని రంగు కలవది, కొంచెం గుంతగా, అతుకు వేసినట్టు కనపడ్తది, తీసినకాడ ఇంకో గాటు. వేరే దారి లేనప్పుడు ఒప్పుకోండి.

టైమ్ సంగతి: మామూలుగా ఆరు నెలలు దాటినంక మొదలుపెడ్తరు, మత్తు అప్పటికి కొంచెం సేఫ్, చర్మం ఇంకా మంచిగ సాగుతది. మూడేళ్ల లోపు పిల్లలకు 3 గంటలు దాటే మత్తు, పదే పదే మత్తు విషయంలో జాగ్రత్త అని అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరిక ఇచ్చింది. దానర్థం చేయించొద్దని కాదు, కలిపి చేసుకునేవి కలిపి చేసి దఫాలు తగ్గించమని సర్జన్‌ను అడగొచ్చని. మన దిక్కు ఎండలు తెలుసు కదా, తొందర లేని కేసైతే ఏప్రిల్, మేలో పెట్టుకోకండి, చెమటకు డ్రెస్సింగ్ నిలవది, బిడ్డకు దురద.

7. ఆపరేషన్ ముందు రోజు, ఆ రోజు పొద్దున

జలుబు, దగ్గు, జ్వరం ఉంటే దాచొద్దు. "డేట్ పోతదేమో" అని దాచి తీసుకొస్తరు, మత్తులో ఊపిరి ఇబ్బంది అయితది, రెండు మూడు వారాలు వాయిదా పడితే కొంప మునగది. టీకా ఈ మధ్యనే వేయించి ఉంటే తేదీ చెప్పండి.

ఖాళీ కడుపు లెక్క: డబ్బాపాలు, బర్రెపాలు, ఉగ్గు అయితే 6 గంటల ముందు ఆపాలె, తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు. మీ మత్తు డాక్టర్ వేరే టైమ్ చెప్తే అదే పాటించండి. బిడ్డ ఏడుస్తుందని నాయనమ్మ కొంగు చాటున రెండు చెంచాల పాలు పోస్తది, ప్రేమతోనే, కానీ మత్తులో ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తది. పోసి ఉంటే నోరు తెరిచి చెప్పండి, ఎవరూ కొట్టరు.

కాటుక, దిష్టి చుక్క కడిగేయండి. వెండి మొలతాడు, కాళ్ల కడియాలు, గాజులు తీసేయండి, లోపల కరెంటుతోని రక్తం ఆపే మిషన్ వాడ్తరు, లోహం ఒంటి మీద ఉండొద్దు. ఆ రోజు నూనె మర్దన, పౌడర్ వద్దు.

8. సంచి (ఎక్స్‌పాండర్) ఉన్న రోజులు

అన్నిటికంటే ఓపిక పట్టాల్సింది ఇక్కడే, అన్నీ చెడగొట్టుకునేది కూడా ఇక్కడే. సంచి ఉబ్బుతుంటే బిడ్డ నెత్తి మీదనో వీపు మీదనో పెద్ద గడ్డ లేచినట్టు కనపడ్తది, చుట్టాలొచ్చి అయ్యో అంటరు, ఫంక్షన్లు కొన్నాళ్లు మానుకోండి.

- చీరతో కట్టిన తొట్టెలలో వేయొద్దు, సంచి మీద బరువు పడ్తది. చాప మీద, మెత్తటి బొంత మీద, సంచి పైకి ఉండేట్టు పక్కకు పడుకోబెట్టండి.
- వేములవాడనో కొమురెల్లినో, పుట్టువెంట్రుకల మొక్కు ఉంటే వాయిదా వేయండి. నెత్తిలో సంచి ఉండగా మంగలి కత్తి తగలొద్దు. దేవుడు ఎక్కడికీ పోడు, సంచి తీసి గాయం మానినంక పోవచ్చు.
- జాతరలు, కిక్కిరిసిన బస్సులు, బండి మీద ముందు కూర్చోబెట్టుకొని పోవుడు వద్దు.
- నలుగు పిండితో రుద్దొద్దు. మచ్చ చర్మం కూడా సున్నితమే, రుద్దితే చిట్లుతది.
- సెలైన్ నింపిన రోజు బిడ్డ కొంచెం చికాకు పడ్తది. అయితే చర్మం తెల్లగా పాలిపోయి అట్లనే ఉన్నా, బిగుతుగా మెరుస్తూ నీలంగా అయినా వెంటనే ఫోన్ చేయండి, కొంచెం నీళ్లు వెనక్కి తీస్తరు.
- ఎర్రబడుడు, వేడి, చీము, కుట్టు విచ్చుకొని సంచి కనపడుడు, ఉబ్బు ఒక్కసారిగా తగ్గుడు, 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) దాటిన జ్వరం: ఇవి రేపటి దాకా ఆగేవి కావు.

వారం వారం హైదరాబాద్ పోవుడు కష్టమైతే, నింపే పని దగ్గర్లో ఎవరన్నా సర్జన్ చేయొచ్చా అని మీ డాక్టర్‌ను అడగండి, లెటర్ రాసిస్తరేమో చూడండి. ఆర్‌ఎంపీతో మాత్రం నింపించొద్దు.

9. ఇంటికొచ్చినంక

డ్రెస్సింగ్ తడవకుండా చూడండి, ఒళ్లు తడిగుడ్డతో తుడిస్తే చాలు. కుట్లు మొఖం మీదివి 5 నుంచి 7 రోజులకు, వీపు, పొట్ట మీదివి 10 నుంచి 14 రోజులకు విప్పుతరు, కరిగిపోయే కుట్లయితే విప్పే పని లేదు. గాయంలోని నీరు, రక్తం బయటికి వచ్చే చిన్న పైపు పెట్టి పంపితే రోజూ ఎంత వచ్చిందో, ఏ రంగో రాసుకోండి. నొప్పి మందు బిడ్డ బరువును బట్టి రాసిస్తరు, రాసినంతే పోయండి, ఆస్పిరిన్ ఇయ్యొద్దు. పసుపు, కొబ్బరినూనె, పసర్లు గాయం మీద పెట్టొద్దు. చంకలు పట్టి ఎత్తొద్దు, వీపు మీది కుట్లు లాగుతయి, మెడ కింద ఒక చెయ్యి, పిర్రల కింద ఒక చెయ్యి పెట్టి ఎత్తండి.

పది పదిహేను రోజులకు బయాప్సీ రిపోర్ట్ అడిగి తీసుకోండి. కోసిన ముక్కను ల్యాబ్‌కు పంపారా లేదా అని ఆపరేషన్ రోజే అడగాలె, ఎందుకంటే తర్వాత అడిగితే ముక్క ఉండదు.

10. గాటు సంరక్షణ

గాయం పూర్తిగా మూసుకున్నంక, సుమారు మూడు నాలుగు వారాలకు, డాక్టర్ సరే అంటే సిలికాన్ జెల్ రాసి మెల్లగా మర్దన. నెలల పాటు రోజూ చేయాలె, రెండు వారాలు చేసి ఆపితే లాభం లేదు. ఎండ తగలనియ్యొద్దు, బట్ట కప్పండి, ఆరు నెలలు దాటిన పిల్లలకు సన్‌స్క్రీన్ వాడొచ్చు.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నిటికంటే ఘోరం సున్నం-సోడా, నల్లజీడి రసం. చిన్న పులిపిరికి ఎవరికో పనిచేసిందని అరచెయ్యంత మచ్చకు పెడ్తరు, మచ్చ పోదు సరికదా పక్క చర్మం కాలి గట్టిపడ్తది, ఆ గట్టి చర్మం సాగదు, సర్జన్‌కు కావాల్సిన సరుకే పోయినట్టు. నడుమ దఫాలో ఆపేసుడు ఇంకో తప్పు, మొదటిసారికే మచ్చ చిన్నగయిందని సంబరపడి రెండో దఫాకు రారు. వేరే ఆసుపత్రికి మారితే పాత ఆపరేషన్ నోట్స్ లేకుండా పోతరు, కొత్త డాక్టర్‌కు లోపల ఏం చేశారో ఎట్ల తెలుస్తది? ఒక ఫైల్ పెట్టండి, ప్రతి కాగితం ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి.

మంచిగ అయిందా లేదా ఎట్ల చూసుకోవాలె

రెండు వారాలకు: గీత మూసుకొని ఉండాలె, తడి, వాసన ఉండొద్దు. మూడు నెలలకు: గాటు ఎర్రగా, కొంచెం లేచి ఉండుడు మామూలే, ఈ టైమ్‌లో చూసి ఆపరేషన్ ఫెయిల్ అనుకోవద్దు. ఏడాదికి: రంగు తగ్గి చదునవ్వాలె, వెడల్పు అయినా మెత్తగా ఉండాలె. రోజురోజుకూ లావై, గాటు దాటి పక్కకు పాకితే కీలాయిడ్ కావొచ్చు, చూపించండి. మెడ దగ్గర, కీళ్ల దగ్గర బిడ్డ పూర్తిగా తిప్పగలుగుతుందా అనేది కూడా చూడండి, పట్టేసినట్టుంటే చెప్పండి.

గీత అంచున నల్ల చుక్కలు మళ్లీ కనపడొచ్చు, మిగిలిన కణాలవి, ఫొటో తీసి తర్వాతి చెకప్‌లో చూపించండి. కానీ మచ్చలో గానీ గాటు కింద గానీ కొత్తగా గట్టి గడ్డ చేతికి తగిలినా, రక్తం కారినా, పుండు మానకపోయినా ఆగొద్దు. పెద్ద మచ్చల్లో మెలనోమా వస్తే చర్మం లోతుల్లో గడ్డగా కూడా మొదలవ్వొచ్చు, పైన రంగు మారకపోవచ్చు, అందుకే నెలకోసారి స్నానం చేయించేటప్పుడు వేళ్లతో తడిమి చూడాలె. స్కిన్ డాక్టర్‌కు ఏడాదికోసారి చూపించుడు పెద్దయినంక కూడా ఆగదు.

చివరిగా ప్రతి ఇంట్లో అడిగేది, "గ్రహణం నాడు బయటికి పోయినందుకే వచ్చిందా, తర్వాతి కాన్పులో కూడా వస్తదా?" గ్రహణానికి దీనికి సంబంధం లేదు, తల్లి తిన్నదానికీ లేదు. కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు ఒక్క కణంలో జరిగే మార్పు ఇది, ఎక్కువమందిలో ఎన్‌ఆర్‌ఏఎస్ అనే జీన్‌లో. వంశపారంపర్యంగా దాదాపు రాదు. అత్తగారికి ఇదే చెప్పండి, వినకపోతే ఓపీకి తోలుకరండి, డాక్టర్‌తోనే చెప్పించొచ్చు.